పొత్తిళ్ళలోని బిడ్డ, పదిమంది చేతులు: గుంటూరు, ప్రకాశం నల్లరేగడి ప్రాంతంలో ఉమ్మడి పెంపకం చరిత్ర

8.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– శిశు మానసిక ఆరోగ్యం, ఉమ్మడి పెంపకం అనే భావనలు ఎలా రూపొందాయో వివరించగలుగుతారు.
– చిలకలూరిపేట పరిసర ప్రాంతంలో పసిబిడ్డ బాధ్యతను ఎవరెవరు పంచుకున్నారో, ఆ పంపకం కాలక్రమంలో ఎందుకు మారిందో గుర్తించగలుగుతారు.
– చట్టాలు, ఆరోగ్య పథకాలు తల్లిని, తండ్రిని ఎలా చూశాయో పోల్చి చెప్పగలుగుతారు.

8.1 పరిచయం

చరిత్ర పుస్తకాల్లో రాజులు, రైతులు, కూలీలు కనిపిస్తారు. ఏడాది నిండని బిడ్డ కనిపించదు. రెవెన్యూ రికార్డులో ఆ బిడ్డ పన్ను కట్టదు, కోర్టు రికార్డులో సాక్ష్యం చెప్పదు. జననాల లెక్కలోనో మరణాల లెక్కలోనో ఒక అంకెగా మాత్రమే మిగిలిపోతుంది. అయితే ఒక సమాజం ఆ బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టింది, ఆ చేతుల మధ్య సఖ్యత ఉందా లేదా అన్న ప్రశ్నలు ఆ సమాజపు భూమి, శ్రమ, వివాహం, ఆరోగ్య వ్యవస్థల గురించి చాలా విషయాలు చెబుతాయి.

పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ వరకు బిడ్డ భావాలను అనుభవించడం, వాటిని అదుపులో పెట్టుకోవడం, దగ్గరివారిని నమ్మడం, చుట్టూ ఉన్న ప్రపంచాన్ని ధైర్యంగా తెలుసుకోవడం నేర్చుకుంటుంది. దీనినే శిశు మానసిక ఆరోగ్యం అంటారు. ఆ బిడ్డ బాధ్యత తీసుకున్న ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువమంది పెద్దలు ఒకరికొకరు తోడుగా నిలిచి పెంచే తీరును ఇంగ్లీషులో కో-పేరెంటింగ్ అంటారు. ఈ పాఠంలో దానిని ‘ఉమ్మడి పెంపకం’ అని వ్యవహరిస్తాం. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి పెంపకం ఒకటి కావు. ఒకే ఇంట్లో పదిమంది ఉన్నా పెంపకంలో సఖ్యత లేకపోవచ్చు. వేర్వేరు ఊళ్ళలో ఉన్న ఇద్దరు సఖ్యతతో పెంచనూవచ్చు.

చిలకలూరిపేట పరిసరాలను ఈ పాఠానికి ఉదాహరణగా తీసుకుంటున్నాం. గుంటూరు, ఒంగోలు మధ్య జాతీయ రహదారిపై ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లాలో ఉంది. పత్తి, మిరప, నూలు మిల్లులు ఇక్కడి జీవనాధారాలు. ఈ మూడూ స్త్రీల శ్రమపై ఆధారపడినవే. కాబట్టి తల్లి పనికి వెళితే బిడ్డను ఎవరు చూస్తారన్నది ఇక్కడ తరతరాలుగా ఉన్న ప్రశ్న.

8.2 భావనల చరిత్ర: తల్లి ఒక్కరేనా?

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో తల్లిదండ్రులకు దూరమైన పిల్లల పరిస్థితి వైద్యులను ఆలోచింపజేసింది. 1945లో రెనే స్పిట్జ్ అనే వైద్యుడు అనాథ శిశువుల సంస్థలోని బిడ్డల గురించి ఒక అధ్యయనం ప్రచురించాడు. అక్కడ తిండికీ శుభ్రతకూ లోటు లేదు. కానీ ఎత్తుకుని మాట్లాడేవారు చాలా తక్కువ. ఆ బిడ్డలు ఎదుగుదలలో వెనుకబడ్డారు, రోగాలకు తేలికగా లోనయ్యారు. బిడ్డకు పాలు ఎంత అవసరమో మనిషి సాన్నిహిత్యం కూడా అంతే అవసరమని ఈ అధ్యయనం చాటింది.

1951లో జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఒక నివేదిక రాశాడు. తల్లితోగాని, తల్లి స్థానంలో స్థిరంగా ఉండే వ్యక్తితోగాని ఆప్యాయమైన, ఎడతెగని సంబంధం బిడ్డ మానసిక ఆరోగ్యానికి మూలమని అందులో వాదించాడు. శిశువు విషయంలో తండ్రి పాత్రను ప్రధానంగా తల్లికి ఆర్థికంగా, మానసికంగా అండగా నిలిచేవాడిగానే చూశాడు. ఈ నివేదిక వల్ల ఆసుపత్రులు, అనాథాశ్రమాలు మారాయి. అదే సమయంలో బిడ్డకు ఏ లోపం కనిపించినా తల్లినే తప్పుపట్టే ధోరణికి కూడా అది బలమిచ్చింది.

తరువాతి పరిశోధనలు ఈ చిత్రాన్ని విస్తరించాయి. 1954–55లో మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండా గ్రామాల్లో తల్లీబిడ్డలను గమనించింది. 1964లో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది శిశువులపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. ఏడాదిన్నర వయసుకు చాలామంది బిడ్డలు తల్లితోపాటు తండ్రి, అవ్వ, తాత, తోబుట్టువుల వంటి వారితో కూడా అనుబంధం ఏర్పరచుకున్నారని అందులో తేలింది.

1974లో సాల్వడోర్ మినూచిన్ కుటుంబ చికిత్సపై రాసిన గ్రంథంలో పెద్దల మధ్య పొత్తు సరిగా లేకపోతే ఆ భారం పిల్లలపై పడుతుందని వివరించాడు. 1990ల నాటికి ఉమ్మడి పెంపకం ఒక ప్రత్యేక పరిశోధనాంశంగా ఎదిగింది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఎలిజబెత్ ఫివాజ్-డెపర్సింజ్, ఆంట్వనెట్ కోర్బోజ్-వార్నరీ తల్లి, తండ్రి, శిశువు ముగ్గురూ కలిసి ఆడుకునే తీరును పరిశీలించే పద్ధతిని రూపొందించారు. మూడు నాలుగు నెలల బిడ్డ కూడా తన చూపును, నవ్వును ఇద్దరు పెద్దల మధ్య పంచుకోగలదని వారు చూపారు. పొత్తిళ్ళలోని బిడ్డకు పెద్దల మధ్య ఏం జరుగుతోందో తెలియదన్న నమ్మకాన్ని ఇది సవాలు చేసింది.

2003లో మార్క్ ఫైన్‌బర్గ్ ఉమ్మడి పెంపకంలో నాలుగు అంశాలను గుర్తించాడు: (అ) పెంపకం విషయాల్లో ఏకాభిప్రాయం, (ఆ) పనుల పంపకం, (ఇ) ఒకరినొకరు సమర్థించుకోవడం లేక కించపరచుకోవడం, (ఈ) కుటుంబంలోని పరస్పర సంబంధాలను కలిసి నడపడం. మన ప్రాంత చరిత్రను ఈ నాలుగు అంశాల వెలుగులో పరిశీలిద్దాం.

8.3 పురిటిల్లు: తండ్రి చుట్టపుచూపు

తెలుగునాట చాలా కులాల్లో మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం. నెలలు నిండకముందే కూతురిని పుట్టింటికి తీసుకువస్తారు. కాన్పు తరువాత మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తింటికి పంపుతారు. ఈ నెలల్లో బిడ్డకు స్నానం చేయించేది, కాళ్ళమీద పడుకోబెట్టి నూనె రాసేది, సాంబ్రాణి పొగ వేసేది అమ్మమ్మ లేదా చేయి తిరిగిన మరో పెద్దావిడ. బాలింత పథ్యం, నిద్ర కూడా ఆమె పర్యవేక్షణలోనే ఉంటాయి. తండ్రి మాత్రం బిడ్డను చూడడానికి వచ్చిపోయే చుట్టం. బారసాలకు వస్తాడు, పీటలమీద కూర్చుంటాడు, తిరిగి వెళ్ళిపోతాడు.

కనుక ఈ ప్రాంతంలో తొలి నెలల ఉమ్మడి పెంపకం తల్లికీ అమ్మమ్మకూ మధ్య సాగేది. మేనమామకు కూడా ఇందులో భాగం ఉంది. పుట్టు వెంట్రుకలు తీయించేటప్పుడు, చెవులు కుట్టించేటప్పుడు బిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెట్టే సంప్రదాయం ఈ బాధ్యతకు గుర్తు. 1953లో ఇరావతి కర్వే భారతీయ బంధుత్వ వ్యవస్థపై ప్రచురించిన గ్రంథంలో దక్షిణాదిలో మేనరికాల వల్ల పుట్టిల్లు, అత్తిల్లు ఒకదానికొకటి కొత్తవి కావని వివరించింది. బిడ్డ ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారినా తెలిసిన ముఖాల మధ్యనే ఉండే అవకాశం దీనివల్ల కలిగింది.

ఈ ఏర్పాటు బాలింతకు గొప్ప రక్షణ. అలసిన శరీరానికి విశ్రాంతి, భయపడే మనసుకు తోడు దొరికేవి. అయితే దీనిని పాతకాలపు స్వర్గంగా చూడడం పొరపాటు. అత్తింటికి వెళ్ళాక పాలు ఎప్పుడివ్వాలి, ఏ మందు వాడాలి వంటి విషయాల్లో కోడలి మాటకు విలువ లేని ఇళ్ళు ఎన్నో ఉండేవి. ఆడపిల్ల పుడితే చూడడానికి రావడమే ఆలస్యం చేసిన అత్తిళ్ళూ ఉండేవి. ఫైన్‌బర్గ్ చెప్పిన అంశాలతో పోలిస్తే పనుల పంపకం జరిగింది. పరస్పర సమర్థన మాత్రం ప్రతి ఇంటా లేదు.

ఇంకొక విషయం గమనించాలి. కూలి కుటుంబాల్లో పథ్యానికీ విశ్రాంతికీ అంత వెసులుబాటు ఉండేది కాదు. తల్లి త్వరగానే పొలం వెళ్ళేది. చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి, ఏడెనిమిదేళ్ళ అక్కను కాపలా పెట్టేది. చంటిబిడ్డను చంకనేసుకు తిరిగిన ఆ అక్క కూడా ఉమ్మడి పెంపకంలో భాగస్వామే. అందుకు ఆమె చెల్లించిన మూల్యం తన చదువు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఉమ్మడి కుటుంబానికి, ఉమ్మడి పెంపకానికి గల తేడాను మీ ప్రాంతపు ఉదాహరణతో ఐదు వాక్యాల్లో రాయండి.

8.4 కరువు, ఆసుపత్రి, ‘తల్లికి శిక్షణ’

1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు ప్రాంతాన్ని తీవ్రమైన కరువు పట్టి పీడించింది. జనాభాలో మూడో వంతు వరకు, కొన్ని అంచనాల ప్రకారం అంతకన్నా ఎక్కువ మంది మరణించారు. ఇంతటి విపత్తులో పోయింది ప్రాణాలు మాత్రమే కాదు. బిడ్డ చుట్టూ ఉండే అవ్వ, మేనత్త, మేనమామల వలయం కూడా చెదిరిపోయింది. కంపెనీ అధికారుల రికార్డుల్లో శిస్తు నష్టానికి దక్కిన చోటు ఈ నష్టానికి దక్కలేదు.

19వ శతాబ్దం చివర పసిబిడ్డల ఆరోగ్యం వ్యవస్థీకృత కార్యక్రమంగా మారింది. అమెరికన్ లూథరన్ మిషన్‌కు చెందిన డాక్టర్ అన్నా శారా కుగ్లర్ 1883లో గుంటూరు చేరుకుంది. ఆమె కృషి వల్ల 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి ప్రారంభమైంది. ఆమె 1930లో మరణించేవరకు ఈ ప్రాంతానికే సేవ చేసింది. పురిటి మరణాలను తగ్గించే దిశలో ఇది పెద్ద ముందడుగు.

1920లో లేడీ చెమ్స్‌ఫర్డ్ పేరిట మాతాశిశు సంక్షేమ సంఘం ఏర్పడింది. 1920లలో దేశంలో శిశు వారోత్సవాలు జరిగాయి. ఇటువంటి కార్యక్రమాల్లో శుభ్రత, పాలు, మంత్రసానులకు శిక్షణ ముఖ్యాంశాలు. శిశు మరణాలు అధికంగా ఉన్న కాలంలో అది సహజమే. కానీ ఆ ప్రచారం ప్రధానంగా తల్లిని ఉద్దేశించింది. బిడ్డ చనిపోతే తల్లి అజ్ఞానమే కారణమన్న భావన అందులో అంతర్లీనంగా ఉండేది. అవ్వల అనుభవం ‘మూఢాచారం’ అయింది. తండ్రి ప్రసక్తి అరుదు. పది చేతులు పంచుకున్న బాధ్యత ఈ విధంగా కాగితంపై ఒక్కరిదిగా మారింది.

తెలుగు పత్రికల్లో కూడా ఈ చర్చ సాగింది. ఒంగోలు ప్రాంతంలోని ఇనమనమెళ్ళూరుకు చెందిన డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ పత్రికను ప్రారంభించి స్త్రీలకు ఆరోగ్య విషయాలు అందించాడు. చలం ‘బిడ్డల శిక్షణ’లో పిల్లలపై పెద్దల పెత్తనాన్ని, దండనను తీవ్రంగా విమర్శించాడు. బిడ్డకు ఒక మనసు ఉందని, దానిని గౌరవించాలని తెలుగులో వాదించిన తొలితరం రచనల్లో దానిని పేర్కొనవచ్చు.

8.5 సాగర్ నీరు, తెల్లబంగారం, ఎర్రబంగారం

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ నీటితో పల్నాడు, నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతాల మెట్ట వ్యవసాయం మారిపోయింది. 1972లో విడుదలైన వరలక్ష్మి వంటి సంకర రకాలతో గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో పత్తి విస్తరించింది. మిరప సాగు కూడా వాణిజ్య స్థాయికి పెరిగింది.

పత్తి తీయడం, మిరపకాయలు కోయడం, కల్లంలో కాయలు ఏరడం, తొడిమలు తీయడం ప్రధానంగా స్త్రీల పనులు. గతంలో ఇంట్లో ఉండి బిడ్డను చూసిన అవ్వకు కూడా కూలి దొరికింది. కుటుంబ ఆదాయం పెరిగింది, స్త్రీ చేతికి డబ్బు వచ్చింది. మరోవైపు కోతల నెలల్లో బిడ్డను చూసే చేతులు తగ్గిపోయాయి. మిరప కల్లంలోని ఘాటు, పురుగుమందు తగిలిన బట్టలు చంటిబిడ్డను పొలం తీసుకువెళ్ళడాన్ని ప్రమాదకరం చేశాయి. ఊళ్ళో బడులు పెరిగాక అక్క బడికి వెళ్ళడం మొదలైంది. ఇది సంతోషించదగిన మార్పు. కానీ ఆమె వదిలిన స్థానంలోకి తండ్రి రావడం మాత్రం అంత త్వరగా జరగలేదు.

వాణిజ్య పంట మరో ప్రమాదాన్ని తెచ్చింది. పెట్టుబడి ఎక్కువ, ధర అనిశ్చితం. 1987–88లో తెల్లదోమ వల్ల గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి దెబ్బతింది. అప్పుల్లో మునిగిన రైతుల ఆత్మహత్యలు ప్రకాశం ప్రాంతంలో జరిగాయి. ఆ తరువాతి దశాబ్దాల్లో కూడా ఈ విషాదం పునరావృతమైంది. ఆత్మహత్యలను మనం సాధారణంగా అప్పు, పంట, ధర అనే కోణాల్లో చదువుతాం. శిశువు కోణం నుంచి చూస్తే మరో విషయం తెలుస్తుంది. మరణానికి ముందు నెలల తరబడి ఆ తండ్రి దిగులుతో మౌనంగా గడిపి ఉండవచ్చు. ఆ దిగులు బిడ్డను ఎత్తుకునే చేతుల్లో, బిడ్డ వైపు చూడని చూపులో ఉంటుంది.

2005లో పాల్ రామ్‌చందానీ బృందం ఇంగ్లండ్‌లోని కుటుంబాలపై చేసిన అధ్యయనాన్ని లాన్సెట్ పత్రిక ప్రచురించింది. కాన్పు తరువాతి వారాల్లో తండ్రి కుంగుబాటుకు లోనైతే, ఆ పిల్లల్లో మూడున్నరేళ్ళ వయసులో ప్రవర్తన సమస్యలు ఎక్కువగా కనిపించాయి. తల్లి కుంగుబాటును పరిగణనలోకి తీసుకున్నా ఈ సంబంధం నిలిచింది. కౌలు రైతు ఇంటి ఆర్థిక స్థితి పసిబిడ్డ మానసిక ఆరోగ్యానికి సంబంధించిన విషయమే అని దీని నుంచి మనం గ్రహించాలి.

8.6 చట్టం ఎవరిని చూసింది?

తల్లి విషయంలో చట్టం ముందుగా స్పందించింది. మద్రాసు రాష్ట్రంలో 1934 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం ఫ్యాక్టరీ స్త్రీలకు వర్తించింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఎక్కువమంది స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు శిశు సంరక్షణ గది ఉండాలని నిర్దేశించింది. 50 మందికి మించి స్త్రీలు ఉండాలన్న నిబంధనను 1976 సవరణ 30కి తగ్గించింది. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం ఇచ్చిన 12 వారాల సెలవును 2017 సవరణ 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ సదుపాయం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళవచ్చని చెప్పింది. నూలు మిల్లుల్లో పనిచేసే స్త్రీలకు ఈ నిబంధనలు ముఖ్యమైనవి. పొలంలో పత్తి తీసే తల్లికి ఇవి వర్తించవు.

గ్రామీణ కూలీల విషయంలో 2005 జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఒక అడుగు వేసింది. పనిస్థలానికి ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది ఆరేళ్ళలోపు పిల్లలు వస్తే, వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించి కూలి చెల్లించాలని ఆ చట్టం పేర్కొంది. 2006 ఫిబ్రవరి 2న ఈ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. పసిబిడ్డను చూడడం కూడా కూలి ఇవ్వదగిన పని అని గుర్తించడం ఇందులోని విశేషం. ఆ పనికి స్త్రీనే పేర్కొనడం మరో విశేషం.

తండ్రి చట్టంలోకి ఆలస్యంగా వచ్చాడు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1990ల చివర 15 రోజుల పితృత్వ సెలవు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకు 2005లో అదే స్థాయిలో ఇచ్చారు. ప్రైవేటు రంగంలో గాని, వ్యవసాయంలో గాని తండ్రికి ఇటువంటి హక్కు లేదు. 26 వారాలు, 15 రోజులు అనే రెండు అంకెలు పక్కపక్కన పెడితే పెంపకం ఎవరి పని అని రాజ్యం భావిస్తోందో స్పష్టమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
ప్రసూతి, పితృత్వ సెలవుల చట్టాలు ఏ వర్గాల తల్లిదండ్రులను వదిలిపెట్టాయి?

8.7 రెండు వలసలు

ఏటా మిరప కోతల కాలంలో కర్నూలు పశ్చిమ ప్రాంతమైన ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి వస్తాయి. పొలం గట్టున గుడారం వేసుకుని వారాల తరబడి ఉంటాయి. భార్యాభర్తలిద్దరూ కోతకు దిగుతారు. ఊళ్ళో మిగిలిన అవ్వ పెద్దపిల్లలను చూస్తుంది. పాలు తాగే బిడ్డ తల్లితో వస్తుంది. సొంత ఊరి అంగన్‌వాడీ, అమ్మమ్మ, ఇరుగుపొరుగు అన్నీ ఆ బిడ్డకు ఒక్కసారిగా దూరమవుతాయి. ఇక్కడ ఉమ్మడి పెంపకం తల్లిదండ్రుల ఇద్దరి మధ్యకు కుదించుకుపోతుంది. ఆ ఇద్దరికీ పగలంతా తీరిక లేదు.

రెండవ వలస అమెరికాకు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నుంచి వెళ్ళిన ఉద్యోగుల ఇళ్ళల్లో కాన్పు సమయానికి అమ్మమ్మ సందర్శక వీసాపై వెళుతుంది. ఆమె గడువు ముగిసే వేళకు నానమ్మ బయలుదేరుతుంది. పురిటిల్లే విమానమెక్కి కూతురి దగ్గరకు వెళ్ళిందన్నమాట. 2020లో కోవిడ్ వల్ల ప్రయాణాలు ఆగినప్పుడు ఈ ఏర్పాటు ఎంత సున్నితమైనదో తెలిసింది. అక్కడి కాన్పుల్లో తండ్రి పురిటిగదిలోనే ఉంటాడు, పొత్తిగుడ్డలు మారుస్తాడు, రాత్రి లేస్తాడు. అదే తండ్రి సెలవులకు ఊరు వచ్చినప్పుడు అందరి ముందు బిడ్డను శుభ్రం చేయడానికి సంకోచించవచ్చు. పెంపకంలో తండ్రి పాత్రను స్వభావం కన్నా సందర్భం, చూసేవారి అంచనాలు ఎక్కువగా నిర్ణయిస్తాయి.

8.8 నేటి ఆరోగ్య సేవలు: ఎవరిని పిలవాలి?

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభమైంది. 2005 నుంచి ఆశా కార్యకర్తలు వచ్చారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. బిడ్డ బతకడం అనే ప్రశ్నకు చాలావరకు సమాధానం దొరికాక, బిడ్డ మనసు ఎలా ఉంది అనే ప్రశ్న ముందుకు వచ్చింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు ప్రకటించిన పోషణ-సంరక్షణ చట్రం ఆహారం, ఆరోగ్యంతోపాటు స్పందించే పెంపకాన్ని, భద్రతను, తొలి అభ్యసనాన్ని సమానంగా చేర్చింది.

భారతదేశంలో కొన్ని ముఖ్యమైన అడుగులు పడ్డాయి. 2002లో విక్రమ్ పటేల్ బృందం గోవాలో జరిపిన అధ్యయనంలో కాన్పు తరువాతి వారాల్లో 23 శాతం తల్లులు కుంగుబాటుకు లోనైనట్టు తేలింది. పేదరికం, భర్తతో సరిపడని సంబంధం ముఖ్య కారణాలుగా కనిపించాయి. బిడ్డ ఆడా మగా అన్నది కూడా ప్రభావం చూపింది. 2009లో బెంగళూరులోని నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల మానసిక వైద్య విభాగం మొదలైంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్, చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను సాధారణంగా వేరుచేయరాదని చెప్పింది. తల్లి వల్ల బిడ్డకు ప్రమాదం ఉన్నప్పుడు ఇందుకు మినహాయింపు ఉంది.

వీటిని క్షేత్రస్థాయిలో ఎలా వాడాలి? బాలింత దిగులుగా ఉన్నా, బిడ్డ ఆపకుండా ఏడుస్తున్నా, పాలు తాగకపోయినా ఇంట్లో మొదట వినిపించే మాట ‘దిష్టి’. తరువాత వినిపించేది ‘తల్లికి చేతకాదు’. ఆరోగ్య కార్యకర్త వచ్చినా తల్లినే ప్రశ్నిస్తుంది, తల్లికే సలహా ఇస్తుంది. ఇంటి చరిత్ర తెలిసిన కార్యకర్త అయితే మరికొన్ని ప్రశ్నలు అడగాలి. రాత్రి బిడ్డను ఎవరు ఎత్తుకుంటున్నారు? అత్తగారు ఒకటి, అమ్మగారు ఒకటి చెబితే చివరికి ఎవరి మాట చెల్లుతోంది? బిడ్డ ఎదుటే తల్లిని తక్కువ చేసి మాట్లాడుతున్నారా? తండ్రి నిద్ర, తిండి, అప్పు, తాగుడు ఎలా ఉన్నాయి? ఈ ప్రశ్నలకు ఖర్చు లేదు. కానీ వాటిని అడగడానికి తండ్రి, అవ్వ ఇంట్లో ఉండే వేళకు వెళ్ళాలి. కోతల కాలంలో అది పొద్దుగూకిన తరువాతే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. హింస ఉన్న ఇంట్లో ‘ఇద్దరూ కలిసి పెంచండి’ అనే సలహా తల్లినీ బిడ్డనూ ప్రమాదంలోకి నెట్టవచ్చు. అక్కడ మొదటి అవసరం రక్షణ. తండ్రి లేని ఇంట్లో లోటు ఎత్తి చూపడం కన్నా, తల్లికి స్థిరంగా తోడు నిలిచే రెండో మనిషి ఎవరో గుర్తించడం మేలు. అవ్వ అయినా, మేనమామ అయినా, అంగన్‌వాడీ టీచర్ అయినా ఆ స్థానాన్ని నింపగలరు.

8.9 సారాంశం

గుంటూరు, ప్రకాశం మైదానంలో పసిబిడ్డ పెంపకం ఏనాడూ తల్లి ఒక్కతే చేసిన పని కాదు. అమ్మమ్మ, నానమ్మ, మేనమామ, అక్క దానిని పంచుకున్నారు. వలస పాలన కాలపు ఆరోగ్య ప్రచారం, తరువాతి చట్టాలు దానిని ప్రధానంగా తల్లి బాధ్యతగా నమోదు చేశాయి. వాణిజ్య పంటలు, బడి చదువు, వలసలు పాత వలయాన్ని పలుచన చేశాయి. ఖాళీ అయిన ఆ స్థానాల్లో తండ్రి ఇంకా పూర్తిగా నిలబడలేదు. పాత ఉమ్మడి కుటుంబాన్ని తిరిగి తేవడం సాధ్యం కాదు. అందులోని అసమానతల దృష్ట్యా అది కోరదగినది కూడా కాదు. కావలసింది బిడ్డ చుట్టూ ఉన్న పెద్దలు ఎంతమంది అన్న లెక్క కన్నా, ఆ పెద్దలు ఒకరి చేతికి మరొకరు ఆసరాగా ఉన్నారా అన్న విచారణ.

8.10 కీలక పదాలు

అనుబంధం: శిశువు తన సంరక్షకులతో ఏర్పరచుకునే స్థిరమైన భావబంధం.
ఉమ్మడి పెంపకం: బిడ్డ బాధ్యతను పంచుకున్న పెద్దలు పరస్పర సహకారంతో సాగించే పెంపకం.
పితృత్వ సెలవు: బిడ్డ పుట్టిన సందర్భంగా తండ్రికి ఇచ్చే వేతన సెలవు.

8.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తల్లి కేంద్రిత దృష్టి నుంచి ఉమ్మడి పెంపకం భావన వరకు జరిగిన పరిణామాన్ని వివరించండి.
2. వాణిజ్య పంటల విస్తరణ గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో శిశు సంరక్షణను ఎలా ప్రభావితం చేసింది?

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మొదటి కాన్పు పుట్టింట్లో జరిగే ఆచారం వల్ల కలిగే మేలును, పరిమితులను తెలపండి.
2. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రాముఖ్యం ఏమిటి?

III. క్షేత్ర అభ్యాసం
మీ కుటుంబంలోగాని, ఊళ్ళోగాని మూడు తరాల స్త్రీపురుషులను కలిసి, తమ మొదటి బిడ్డను తొలి ఆరు నెలల్లో ఎవరెవరు చూసుకున్నారో అడగండి. వారి అనుమతితో, పేర్లు రాయకుండా, సమాధానాలను నమోదు చేసి పోల్చండి. పురుషులను తప్పనిసరిగా అడగండి. వారు ‘నాకేం తెలుసు, ఆడవాళ్ళనడుగు’ అంటే ఆ మాటను కూడా యథాతథంగా నమోదు చేయండి. అదీ ఒక చారిత్రక ఆధారమే.